తోడుగా వచ్చినావిడ స్కాన్

పోయినవారం మనం ఈ ముగ్గురినీ ఆసుపత్రి నేలమాళిగలో, మెదడు పరిశోధన విభాగం ముందు వేసిన ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చోబెట్టి వచ్చేశాం. మతిమరుపు పూర్తిగా బయటపడకముందే మెదడు బొమ్మల్లో దాని జాడ కనిపిస్తుందా అని అక్కడి డాక్టర్లు చూస్తున్నారు. పెద్దవయసు దంపతుల్ని పిలిచి స్కాన్లు తీస్తున్నారు. మరుపున్న మనిషి బొమ్మ పక్కన పెట్టి చూడటానికి మరుపులేని మనిషి బొమ్మ కావాలి కాబట్టి, తోడుగా వచ్చినవాళ్ళకీ తీస్తారు. ఒకే ఇల్లు, ఒకే తిండి, ఇంచుమించు ఒకే వయసు. అంతకంటే మంచి పోలిక ఎక్కడ దొరుకుతుంది? ఆ లెక్కన మరుపు మనిషి కళ్ళజోళ్ళాయన, తోడు ఆయన భార్య. ఇద్దరి స్కాన్లూ అయిపోయి, ఫలితాలు చెబుతాం రమ్మంటే వచ్చారు.

కళ్ళజోళ్ళ దుకాణం మూసి చాలాకాలమైనా వీధిలో ఆయన పేరు అదే. ఆవిడకి వీధి పెట్టిన పేరు డైరెక్టరీ. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా పనిచేసి రిటైరైన మనిషి. ఇప్పుడు వాడుకలో లేని నంబర్లు కూడా అడిగితే తడుముకోకుండా చెబుతుంది. అలాంటి జ్ఞాపకశక్తి ఉన్న ఆడమనిషికి ఇలాంటి మొగుడు దొరికాడని ఏడాదిగా కనపడ్డవాళ్ళందరికీ చెప్పుకుని, చివరికి ఆయన రెక్క పుచ్చుకుని ఈ పరిశోధనలో చేర్పించిందీ ఆవిడే.

ఇక ఈ ఇద్దరి మధ్యా నలిగిపోతున్నది కూతురు. ఇంట్లో ఆమెను బుడ్డి అంటారు. నిలబడితే తలుపు పైచట్రానికి బెత్తెడు తక్కువగా ఉంటుంది గాని, చిన్నప్పుడు పెట్టిన పేరు మార్చాలని ఎవరికీ తోచలేదు. బుడ్డి డ్రైవింగ్ స్కూలు నడుపుతుంది. వణికే చేతులతో స్టీరింగు పట్టుకుని గోడల మీదికి పోయేవాళ్ళ పక్కన రోజంతా చిరునవ్వుతో కూర్చోగలదు. అలాంటి మనిషికి అమ్మా నాన్నల మధ్య కాసేపు కూర్చుంటే చాలు, కుడికాలు తనంతట తానే లేని బ్రేకుని తొక్కడం మొదలుపెడుతుంది.

ఆ రోజు గొడవ తాళంచెవి గురించి. బయల్దేరేముందు ఇంటి తాళంచెవి కనపడక ముగ్గురూ మంచాల కిందా, దిండ్ల కిందా వెతికారు. తీరా అది ఫ్రిజ్‌లో కూరగాయల అరలో దొరికింది. పెట్టింది భర్తేనని డైరెక్టరీ అక్కడికక్కడే తేల్చేసింది. నేనే అయ్యుంటానే అని ఆయనా ఒప్పుకున్నాడు. తప్పు ఒప్పుకున్నాక గొడవ ఆగాలి కదా, ఆగలేదు. కారెక్కింది, లిఫ్టు ఎక్కింది, వాళ్ళతోపాటు ప్లాస్టిక్ కుర్చీలోనూ కూర్చుంది. పక్కనున్న ముక్కూమొహం తెలియనావిడకి డైరెక్టరీ తాళంచెవి కథ మొదటినుంచి చివరిదాకా చెప్పింది. ఆవిడ పాపం ఆశ్చర్యపోయింది. కాసేపాగి డైరెక్టరీ మళ్ళీ అదే కథ మొదటినుంచి ఎత్తుకుంది. ఈసారి ఆవిడ బుడ్డి వైపు చూసి ఇబ్బందిగా నవ్వింది. అమ్మకి ఒక కసి పుడితే అంతేలే అనుకుని బుడ్డి తల పట్టుకుంది. ఇద్దరు విద్యార్థుల పాఠాలు మానుకుని వచ్చింది తను. ఒకాయనకి వచ్చే వారమే లైసెన్సు పరీక్ష, రివర్సు ఇంకా రాదు.

అప్పుడే డాక్టరమ్మ తలుపు తీసి, ముందు అమ్మాయిగారు ఒక్కరే రావాలని అడిగింది. చిన్నవయసు మనిషి. మిషను గది చలికి స్వెట్టరు వేసుకునే తిరుగుతుంటుంది. లోపలికెళ్ళి కూర్చున్నాక, మీ అమ్మగారు మొదటిరోజే ఒక మాట చెప్పారంటూ మొదలుపెట్టింది. ఏదైనా ఉంటే ముందు మా అమ్మాయికి చెప్పండి, ఆయనకి చెబితే వీధి మలుపు దాటేసరికి మర్చిపోతారు అన్నదట. మీ ఫలితమైనా అమ్మాయికే చెప్పమంటారా అని డాక్టరమ్మ అడిగితే, నాదైనా సరే, ముందు దానికే చెప్పండి అన్నదట.

బల్ల మీది తెరలో నాన్న మెదడు కనిపించింది. బూడిదరంగులో, పొరలు పొరలుగా, ఒకదాని వెనక ఒకటి. డాక్టరమ్మ లోపలి భాగంలో ఒకచోట పెన్సిలు మొన ఆనించింది. కొత్త సంగతులు జ్ఞాపకంగా నిలబడాలంటే ముందు ఇక్కడే పడాలి, మీ నాన్నగారికి ఇది వయసుకి తగ్గట్టు చక్కగా ఉంది అని చెప్పింది.

బుడ్డికి సంతోషం కలగాలి. కలగలేదు. ఒళ్ళు మండింది. అంతా చక్కగా ఉంటే ఆ తాళంచెవి ఫ్రిజ్‌లోకి ఎలా వెళ్ళింది? కొన్న బల్బులే మళ్ళీ మళ్ళీ ఎందుకు కొంటున్నాడు? ఈ మాటే కాస్త మర్యాదగా అడిగింది.

డాక్టరమ్మ ముఖంలోనూ విసుగు కనిపించింది, దాచుకోవడానికి ప్రయత్నించింది గాని. స్కాన్‌తోపాటు జ్ఞాపకశక్తి పరీక్ష కూడా పెడతారు. కొన్ని మాటలు చదివి వినిపించి, తర్వాత ఒక్కో మాటే అడుగుతూ ఇది ఇందాక విన్నారా లేదా అంటారు. ఏమీ గుర్తులేని మనిషి గుడ్డిగా అవును, కాదు అనుకుంటూ పోయినా దగ్గరదగ్గర సగం సరిపోతాయి.

"మీ నాన్నగారు అన్నీ తప్పు చెప్పారు" అంది డాక్టరమ్మ. "ఒక్కటి కూడా పొరపాటునైనా సరిపోలేదు. అన్నీ తప్పు చెప్పాలంటే అన్నీ తెలిసుండాలి."

బుడ్డికి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక కుడికాలు బల్ల కింద నేలని గట్టిగా తొక్కింది. అంటే నాన్న నాటకమాడుతున్నాడు. ఏడాదిగా అమ్మ తిట్లూ, తన సెలవులూ, ఈ ఆసుపత్రి తిరుగుళ్ళూ అన్నీ ఒక నాటకం కోసం. ఎందుకు అని నోరు తెరవబోతుంటే డాక్టరమ్మ తెర మీద ఇంకో బొమ్మ తెచ్చింది. ఇది తోడుగా వచ్చినావిడది అంది. మీ అమ్మగారిది అనడానికి ఆమెకీ నోరు రాలేదు కాబోలు.

పెన్సిలు అదే చోట ఆగింది. ఈసారి ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. రెండు బొమ్మలూ పక్కపక్కనే ఉన్నాయి. నాన్న తలలో నిండుగా ఉన్న చోటు అమ్మ తలలో సన్నబడి, చుట్టూ నల్లగా ఖాళీ కనిపిస్తోంది.

డాక్టరమ్మ మాట్లాడుతూనే ఉంది. ఒక్క బొమ్మ చూసి జబ్బని ముద్ర వేయకూడదు, ఇంకా పరీక్షలున్నాయి, కొంతకాలం పోయాక మళ్ళీ స్కాన్ తీసి తేడా చూడాలి. ఇలా ఉండి కూడా ఏళ్ళ తరబడి తమ పనులు తాము చేసుకునేవాళ్ళున్నారు. కాకపోతే మాటల పరీక్షలో కూడా మీ అమ్మగారు తడబడ్డారు. పాత సంగతులు చెక్కుచెదరలేదు, కొత్తవే నిలవడం లేదు. ఈ విషయం ఆవిడకి నేనే చెప్పాలి, చెబుతాను, ఈలోపు మీరు కాస్త కుదుటపడండి. ఇవన్నీ బుడ్డి చెవిన పడ్డాయి. బుర్రలోకి మాత్రం ఒక్కటే వెళ్ళింది. నాన్నకి ఇది తెలుసు.

నాన్న నడవా చివర టీ మిషనుతో కుస్తీ పడుతున్నాడు. మీట నొక్కితే కప్పు రాకముందే టీ కారిపోతోంది. ఆయన కుడిచేత్తో మీట నొక్కి, ఎడంచేత్తో కప్పు పట్టుకుని, పడుతున్న ధార కింద ఒడుపుగా పెట్టేస్తున్నాడు. మరుపు మనిషి చేసే పనిలా లేదది.

"తెలిసే చేశావా?" అంది బుడ్డి.

ఆయన వెనక్కి తిరగలేదు. కప్పు నిండేదాకా చూసి, పక్కన పెట్టి, చేతిరుమాలుతో వేళ్ళు తుడుచుకున్నాడు. అప్పుడు చెప్పాడు.

కిందటేడు ఇద్దరూ దిండు గలీబులు కొనడానికి బజారుకి వెళ్ళారు. తిరిగొస్తుంటే కూడలి దగ్గర డైరెక్టరీ ఉన్నట్టుండి ఆగిపోయింది. ఎటువెళ్ళాలండీ అని అడిగింది. తమాషా చేస్తోందనుకుని ఆయన ఆవిడ ముఖంలోకి చూశాడు. అలాంటి ముఖం పెళ్ళైనప్పటినుంచీ ఎన్నడూ చూడలేదట. తప్పిపోయిన పసిపిల్లలా ఉందట. నాకూ తెలియడం లేదే, కళ్ళు తిరుగుతున్నాయి, టాక్సీ ఎక్కేద్దాం అన్నాడు. టాక్సీలో కూర్చుని నాలుగు వీధులు దాటాక ఆవిడకి అన్నీ గుర్తొచ్చేశాయి. పుట్టి పెరిగిన ఊళ్ళో దారి మర్చిపోతారా అని ఇల్లు చేరేదాకా ఆయన్ని ఉతికి ఆరేసింది.

"ఆ తిట్లు వింటుంటే నాకు ప్రాణం లేచొచ్చిందే" అన్నాడు నాన్న. "మళ్ళీ మీ అమ్మ మీ అమ్మలా అయిపోయింది. సరే, మర్చిపోయేవాణ్ణి నేనే అవుతాను, నాకేం నష్టం అనుకున్నాను."

అప్పటినుంచీ అదే వరస. ఆవిడ పెట్టి మర్చిపోయినవన్నీ ఆయనే పెట్టాడు. ఆవిడ చెప్పిందే చెబితే, ఇందాక నేను సరిగ్గా వినలేదే అన్నాడు. బల్బులు కొన్నదీ ఆవిడే. పరీక్ష పెట్టిన రోజున తన మార్కులు బాగా వస్తే ఆవిడకి అనుమానం వస్తుందని, జాగ్రత్తగా ఒక్కటీ సరిపోకుండా చెప్పాడు.

బుడ్డికి ఏడుపు రావాల్సిన చోట కోపం వచ్చింది. గొంతు తగ్గించి, పళ్ళబిగువున తిట్టింది. ఈ ఏడాదిలో ఎంతమంది డాక్టర్లకి చూపించేవాళ్ళం? నువ్వు తెలివితేటలు ప్రదర్శించి ఆ డాక్టరమ్మ పరిశోధన కూడా చెడగొట్టావు. నా పాపని రోజూ బడినుంచి తెచ్చేది అమ్మ కదా, ఆ సంగతైనా తలకెక్కలేదా? అందుకేగా రోజూ వెంట నేనూ వెళుతున్నాను అన్నాడు ఆయన. నాన్నకి పనీపాటా లేక అమ్మ కొంగు పట్టుకుని బడిదాకా నడుస్తున్నాడని తనే ఎన్నిసార్లు నవ్విందో.

"నాకోసం ఒక్కటి చెయ్యి" అన్నాడు నాన్న. "నాకు తెలుసని మీ అమ్మకి తెలియనీకు. డాక్టరు చెప్పేది ఎలాగూ చెబుతుంది. నేను మాత్రం ఈరోజే విన్నట్టు ఉంటాను. ఇన్నాళ్ళూ జాలిపడి తిట్లు తిన్నానని తెలిస్తే అది తట్టుకోలేదు."

బుడ్డి ఒప్పుకున్నట్టూ కాదు, ఒప్పుకోనట్టూ కాదు. చెయ్యి విసిరి, మిగతా రెండు కప్పులూ నువ్వే పట్టుకురా అని చెప్పి కుర్చీల దగ్గరికి నడిచింది.

పక్కావిడ వెళ్ళిపోయింది. డైరెక్టరీ ఒక్కతే చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కూతురు వచ్చి పక్కన కూలబడగానే, ముఖం కూడా చూడకుండా అడిగింది.

"నాదేగా?"

బుడ్డి ఏదో అనబోయింది. డైరెక్టరీ చెయ్యి ఎత్తి ఆపింది.

"ఆయనదైతే, జబ్బు మనిషిని తిట్టానని పరుగెత్తుకొచ్చి నామీద అరిచేదానివి. అటు మిషను దగ్గరికెళ్ళి ఆయన్ని తిట్టావంటే, నాదే."

తర్వాత ఆవిడ చెప్పింది వింటూ బుడ్డి గోడకి తల ఆనించింది. ఈ పరిశోధన సంగతి గోడమీది కాగితంలో చదివినరోజే డైరెక్టరీకి ఒక్కమాట కంటపడిందట. తోడు వచ్చినవాళ్ళకీ స్కాన్ తీస్తారు. నాకు మరుపొస్తోంది చూడండి అని నోరు తెరిచి ఎవరినీ అడగలేదు ఆవిడ. అడగడానికి మనసు ఒప్పలేదు. మొగుడి రెక్క పుచ్చుకుని వస్తే, అడక్కుండానే తన తల కూడా ఎవరో ఒకరు చూస్తారు. అందుకని వచ్చింది.

మరి నాన్న బాగానే ఉన్నాడని నీకు తెలుసా అని అడిగింది బుడ్డి. తెలియకేం అంది డైరెక్టరీ. జీవితమంతా తీగమీద గొంతులు విని బతికిన మనిషి తను. నిజంగా మర్చిపోయినవాడు ముందు వెతుక్కుంటాడు. అబ్బే, ఏమోనే, ఉండు ఉండు అంటాడు. ఈయన ప్రశ్న సగంలో ఉండగానే మర్చిపోయానే అంటాడు. అంత చురుగ్గా మర్చిపోయేవాణ్ణి ఎక్కడా చూడలేదు.

"మరి ఎందుకమ్మా ఆ తిట్లన్నీ?" అంది బుడ్డి. "పొద్దున్నించీ ఆ తాళంచెవి గురించి నా ప్రాణం తీశావే."

డైరెక్టరీ చేతిసంచీ జిప్పు తెరిచింది, మూసింది.

"తిట్టడం మానేస్తే నాకు తెలిసిపోయిందని ఆయనకి తెలిసిపోదూ? అదొకటి. ఇంకోటి..." ఆవిడ జిప్పు మళ్ళీ తెరిచింది. "కొన్నిసార్లు నిజంగా ఆయనే చేశారనుకుంటాను బుడ్డీ. తాళంచెవి ఎవరు పెట్టారో ఇప్పటికీ నాకు తెలియదు. నేనే పెట్టానని నువ్వంటే నమ్ముతాను. గుర్తు మాత్రం రాదు."

బుడ్డి అమ్మ చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది. డైరెక్టరీ ఆ చేతిని కాసేపు ఉండనిచ్చి, పని చెప్పేటప్పటి గొంతు పెట్టింది. రేపటినుంచి పాపని బడినుంచి తెచ్చే పని తనకి వద్దు. నేనే మానుకున్నట్టు కాకుండా, నువ్వే ఏదో వంక పెట్టి తప్పించెయ్యి, నేను నాలుగురోజులు అలుగుతాను, అలిగితే ఎవరికీ అనుమానం రాదు అంది. ఇంకో సంగతి, ఆయన నాటకం నాకు తెలుసని ఆయనకి చెప్పకు. ఏడాది కష్టపడ్డారు, చిన్నబుచ్చుకుంటారు.

బుడ్డికి అప్పుడు నవ్వొచ్చింది. నవ్వో ఏడుపో ఆమెకే తెలియలేదు. నడవాకి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు. ఇద్దరికీ అంతా తెలుసు. ఒకరికి తెలుసని ఇంకొకరికి తెలియకూడదట. ఆ తెలియకపోవడాన్ని మొయ్యడానికి మధ్యలో తను. మీరిద్దరూ కలిసి నన్ను పిచ్చిదాన్ని చేసి, మూడో స్కాన్ నాకు తీయించేట్టున్నారు అని గట్టిగానే అంది. పక్క గదిలోంచి ఎవరో తొంగిచూశారు.

మూడు కప్పులూ ఒక అట్టముక్క మీద పేర్చుకుని నాన్న వచ్చేసరికి డాక్టరమ్మ తలుపు తీసింది. అమ్మగారూ మీరు రండి అంది. ఎప్పటిలా అయ్యగారిని ముందు పిలవలేదు. కళ్ళజోళ్ళాయన అడుగు అక్కడే ఆగిపోయింది. డైరెక్టరీ చీర కుచ్చిళ్ళు సర్దుకుని లేచింది.

డాక్టరమ్మ గుమ్మంలోనే ఒక మాట వివరంగా చెప్పింది. ఈరోజునుంచి మీతోపాటు లోపలికి వచ్చే మనిషే మీ తోడు. ఇంట్లో మీ రోజు ఎలా గడిచింది, ఏం మర్చిపోయారు, ఏం గుర్తుంది, ఆ మనిషి మాకు ఉన్నదున్నట్టు చెప్పాలి. మేము తీసే బొమ్మ ఎంత ముఖ్యమో ఆ మనిషి మాటా అంతే. దాచిపెట్టేవాళ్ళు, సర్దిచెప్పేవాళ్ళు వద్దు. ఎవరిని తీసుకొస్తారో మీరే చెప్పండి.

డైరెక్టరీ కూతురి వైపు చూసింది. బుడ్డి లేవబోయింది. లేవడమే న్యాయం కూడా. ఈ ఇంట్లో ఉన్నదున్నట్టు మాట్లాడే మనిషి తను ఒక్కతే. కానీ డైరెక్టరీ చూపు కూతురి మీద నిలవలేదు. నడవా మధ్యలో అట్టముక్క పట్టుకుని నిలబడ్డ మనిషి మీదికి వెళ్ళింది. కాసేపటి కిందట కూతురికి చెప్పిన జాగ్రత్తలన్నీ ఆ చూపులో కొట్టుకుపోయాయి.

"మీరే రావాలని ఉంది నాకు" అంది. "కానీ ఒకటి అడుగుతాను. దానికి నిజం చెబితేనే రండి."

ఆయన తలూపాడు. కప్పుల్లో టీ అంచులదాకా కదిలింది.

"నిన్న సాయంత్రం పొయ్యిమీద పాలగిన్నె మాడింది. మీరే మర్చిపోయానని చెప్పి, పీచు పెట్టి తోమారు. అది పొయ్యిమీద పెట్టి వెళ్ళిపోయింది ఎవరు?"

డాక్టరమ్మ తలుపు పట్టుకుని నిలబడింది. ఏడాదిగా ఈ ఇంట్లో ప్రతి ప్రశ్నకీ సగంలోనే జవాబు సిద్ధంగా ఉండేది. ఈసారి ప్రశ్న పూర్తయింది. పూర్తయ్యాక కూడా కళ్ళజోళ్ళాయన మాట్లాడలేదు. నాన్న అబద్ధం ఆడకూడదని జీవితంలో మొదటిసారి బుడ్డి మనసులోనే మొక్కుకుంది. ఆయన అట్టముక్కని నెమ్మదిగా కుర్చీమీద పెట్టాడు, భార్య ముఖంలోకి చూశాడు, నోరు తెరిచాడు.